రిపోర్టులో ఈ "పాజిటివ్" చూసి భయపడకండి



ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని, అందులో తమకు తెలిసిన మాట ఏదైనా ఉందేమోనని వెతకడం. లింఫు గ్రంథుల క్యాన్సర్, అంటే లింఫోమా వచ్చినవారి రిపోర్టులో అలా కంటపడే మాట ఒకటుంది: "సీడీ20 పాజిటివ్". పాజిటివ్ అనే మాట మన ఊళ్ళలో ఎంత భయాన్ని వెంటబెట్టుకుని వస్తుందో చెప్పనక్కరలేదు. హెచ్.ఐ.వి. రోజుల నుండి ఆ మాట వింటే చాలు, ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. అంతలో ఎవరో "అది జన్యువుకు సంబంధించిందట" అంటారు. దాంతో రెండో భయం మొదలవుతుంది. "అయితే పిల్లలకూ వస్తుందా? అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ సంగతి బయటికి పొక్కితే ఎలా?" అని. చివరకు ఆ రిపోర్టు బీరువాలో చీరల అడుగుకు చేరుతుంది. తర్వాతిసారి డాక్టరు గారు అడిగితే "ఎక్కడో పెట్టాం సార్, దొరకలేదు" అంటారు.

ఈ రెండు భయాలూ అనవసరమైనవని, పైగా ప్రాణానికే నష్టం తెచ్చేవని నా అభిప్రాయం. ఆ రిపోర్టు మొత్తంలో రోగికి ఎక్కువ ఆశ కలిగించే మాట ఏదైనా ఉంటే అది ఇదే. దాచుకోవలసిన మాట కాదు, అడిగి మరీ రాయించుకోవలసిన మాట. ఎందుకో వివరిస్తాను.

ఈ జన్యువు ఏమిటి?

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఒకే రకమైన జన్యువులు ఉంటాయి. కాలి చర్మంలో ఉన్నవే కాలేయంలోనూ ఉంటాయి. అయితే అన్నీ అన్ని చోట్లా పనిచేయవు. ఆదివారం గుడిలో అందరి చేతుల్లోనూ ఒకటే కీర్తనల పుస్తకం ఉంటుంది. కానీ బోర్డు మీద ఏ నంబరు వేస్తే ఆ కీర్తనే కదా పాడతాం? కణాల సంగతీ అంతే. ఏ కణంలో ఏ జన్యువు నంబరు పడుతుందో ఆ జన్యువే అక్కడ పనిచేస్తుంది.

మన 11వ క్రోమోజోము మీద ఎంఎస్4ఏ1 అనే జన్యువు ఉంది. దాని నంబరు ప్రధానంగా బి కణాలలోనే పడుతుంది. బి కణాలంటే మనకు ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణాల కుటుంబం. ఎముక మూలుగలో పుట్టి, లింఫు గ్రంథులలోనూ ప్లీహంలోనూ టాన్సిల్స్‌లోనూ కాపురం ఉంటాయి. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా? రోగక్రిములను ఎదుర్కోవడానికి అక్కడ బి కణాలూ వాటి తోటి కణాలూ సంఖ్యలో పెరగడం వల్లనే ఆ వాపు. పుండు మానగానే బిళ్ళ కూడా క్రమంగా కరిగిపోతుంది. కాబట్టి బిళ్ళ కట్టిన ప్రతిసారీ క్యాన్సర్ అని హడలిపోనక్కరలేదు.

ఎంఎస్4ఏ1 జన్యువు తయారుచేసే మాంసకృత్తు పేరే సీడీ20. ఇది 297 అమైనో ఆమ్లాల గొలుసు. నవారు మంచం అల్లినట్టు కణం పైపొరలో నాలుగుసార్లు లోపలికీ బయటికీ దూరి, కొంత భాగం బయటికి కనిపించేటట్లు నిలిచి ఉంటుంది. 1980లో అమెరికాలోని బోస్టన్ శాస్త్రజ్ఞులు దీనిని గుర్తించి మొదట "బి1" అని పేరు పెట్టారు. రిపోర్టులో "సీడీ20 పాజిటివ్" అని రాశారంటే, తీసిన ముక్కలోని క్యాన్సర్ కణాల మీద ఈ మాంసకృత్తు కనిపించిందని అర్థం. అంతే. అది అంటురోగపు గుర్తు కాదు, నడవడికకు సంబంధించిన మాటా కాదు.

నేరం చేసింది ఇది కాదు

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. లింఫోమాకు కారణం సీడీ20 కాదు. అది ఆరోగ్యవంతులందరి బి కణాల మీదా ఉంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది. పైగా అది ఉండవలసిందే. పుట్టుకతోనే సీడీ20 లేని ఒక బాలిక గురించి 2010లో వైద్యులు ప్రచురించారు. ఆ బిడ్డ శరీరం తగినన్ని ప్రతిరక్షకాలను తయారుచేసుకోలేకపోయింది.

మరి క్యాన్సర్ ఎలా వస్తుంది? బి కణం పెరుగుదలను, చావును అదుపు చేసే వేరే జన్యువులు ఉన్నాయి. బీసీఎల్2, బీసీఎల్6, ఎంవైసీ అనేవి వాటిలో ముఖ్యమైనవి. జీవితకాలంలో ఎప్పుడో, ఏదో ఒక బి కణంలో ఇటువంటి జన్యువులు దెబ్బతింటాయి. ఆ కణం చావవలసిన సమయానికి చావక, ఆగవలసిన చోట ఆగక, తనలాంటి వాటిని లక్షలుగా పెంచుకుంటుంది. ఆ పిల్ల కణాలు కూడా బి కుటుంబానివే కనుక వాటి మీదా సీడీ20 ఉంటుంది. ఇంటిలో దొంగ దూరాడనుకోండి, తలుపు మీది నంబరుది తప్పు కాదు గదా! ఆ నంబరు పోలీసులకు ఇల్లు చూపిస్తుంది. సీడీ20 చేసే సాయం అదే.

ఇప్పుడు పెళ్ళి సంబంధాల భయం గురించి. ఈ దెబ్బ తగిలింది రోగి శరీరంలోని ఒక బి కణానికి. తల్లి అండానికో తండ్రి వీర్యకణానికో కాదు. కాబట్టి ఆ మార్పు పిల్లలకు వెళ్ళదు. రోగి రక్తసంబంధీకులలో ఈ వ్యాధి అవకాశం ఇతరుల కంటే కొద్దిగా ఎక్కువన్న మాట నిజమే. అయినా ఏ ఒక్కరికైనా వచ్చే అవకాశం తక్కువే. "ఆ ఇంట్లో జన్యువుల జబ్బు ఉంది" అని ఒక ఆడపిల్ల సంబంధాన్ని వెనక్కి పంపడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. మన సంఘాలలో పెద్దలు ఈ మాట గట్టిగా చెప్పాలని కోరుతున్నాను. ఎందుకంటే ఈ భయం వల్ల సంబంధం తప్పిపోవడమే కాదు, వ్యాధిని దాచి, చికిత్స ఆలస్యం చేసి, మనిషినే పోగొట్టుకుంటున్నారు.

ఆ నంబరు వల్ల దొరికిన మందు

సీడీ20 బి కణాలకు గుర్తు అయితే, ఆ గుర్తునే పట్టుకునే మందు తయారుచేయవచ్చు గదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. ఒకే రకమైన యాంటీబాడీని కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు కనుగొన్నారు. అందుకు 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో తయారైన మందు రిటుక్సిమాబ్. 1997 నవంబరులో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది.

రిటుక్సిమాబ్ సెలైన్ ద్వారా రక్తంలోకి వెళ్ళి సీడీ20కి అతుక్కుంటుంది. అలా గుర్తు పడిన కణాలను మన రోగనిరోధక శక్తే నాశనం చేస్తుంది. మంచి బి కణాలు కూడా పోతాయి, నిజమే. అయితే మూలుగలోని మూలకణాల మీద సీడీ20 ఉండదు కనుక, మందు ఆపిన కొన్ని నెలలకు కొత్త బి కణాలు మళ్ళీ పుట్టుకొస్తాయి. ప్రతిరక్షకాలను తయారుచేసే ప్లాస్మా కణాల మీద కూడా అది ఉండదు కనుక, ఇంతకుముందు సంపాదించుకున్న రక్షణ చాలావరకు నిలిచి ఉంటుంది. ఈ గుర్తు ఇంత అనువుగా ఉండడం రోగుల పాలిట మేలు.

దీని వల్ల ఎంత మేలు జరిగిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఫ్రాన్స్, బెల్జియం, స్విట్జర్లాండ్ దేశాలలో 60 నుండి 80 ఏళ్ళ మధ్య వయసున్న 399 మందిపై ఒక అధ్యయనం జరిగింది. అందరికీ ఉన్నది పెద్ద బి కణాల లింఫోమా, అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రకం. కొందరికి "చాప్" అనే పాత నాలుగు మందుల చికిత్స ఇచ్చారు. మిగిలినవారికి అదే చికిత్సతో పాటు రిటుక్సిమాబ్ కూడా ఇచ్చారు. 2002లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళ తర్వాత పాత చికిత్సతో నూటికి 57 మంది బ్రతికి ఉంటే, రిటుక్సిమాబ్ కలిపినవారిలో నూటికి 70 మంది ఉన్నారు. పదేళ్ళ తర్వాత చూస్తే ఆ అంకెలు దాదాపు 28, 44.

ఈ అధ్యయనంలోనివారి వయసు మరొక్కసారి చూడండి. 60 నుండి 80. మన ఇళ్ళలో తాతకో అమ్మమ్మకో ఈ జబ్బు అని తెలియగానే "ఈ వయసులో ఎందుకండీ ఆ బాధలు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకుంటాం" అనే మాట వస్తుంది. ప్రేమతోనే అంటారు, కాదనను. గుండె బలహీనంగా ఉండి కీమోకు నిజంగా తట్టుకోలేనివారూ కొందరుంటారు. కాని వయసు ఒక్కటే చూసి నిర్ణయించడం సరికాదు. ఆ అధ్యయనంలో పదేళ్ళు బ్రతికినవారందరూ మొదటి రోజుకే 60 దాటినవారు. ఆ పదేళ్ళలో ఎందరు మనుమల పెళ్ళిళ్ళు చూసి ఉంటారో!

ఇంకొక మాట. ఈ మందు తొలినాళ్ళలో మన దేశంలో చాలామందికి అందని ధరలో ఉండేది. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీనికి సాటి మందును తక్కువ ధరకు విడుదల చేసింది. ఆ తర్వాత మరికొన్ని భారతీయ కంపెనీలు వచ్చాయి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిటుక్సిమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే ఇది కలవారి మందు కాదు, ప్రతి దేశమూ తన ప్రజలకు అందించవలసిన మందు అని అర్థం.

మనం ఎక్కడ తప్పు చేస్తున్నాం?

ఇంత మేలు జరగాలంటే ముందుగా రిపోర్టులో ఆ మాట ఉండాలి. ఆ మాట ఉండాలంటే ముక్క పరీక్ష జరగాలి. మన దగ్గర చికిత్స కుంటుపడేది ఇక్కడే.

మెడ పక్కన బిళ్ళ కనిపిస్తే మొదట పసరు కట్టు. తర్వాత ఊళ్ళో యాంటీబయాటిక్ సూదులు. తగ్గకపోతే "టీబీ అయ్యుంటుంది" అని ఆరు నెలల కోర్సు. మన దేశంలో మెడ బిళ్ళలకు టీబీ ముఖ్య కారణమే, ఆ అనుమానం తప్పు కాదు. కాని అనుమానం వేరు, నిర్ధారణ వేరు. లింఫోమాలోనూ సాయంకాలం జ్వరం వస్తుంది, బరువు తగ్గుతుంది, రాత్రిళ్ళు చెమట పడుతుంది. పైకి చూసి రెంటినీ వేరు చేయడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా సాధ్యం కాదు. పరీక్ష లేకుండా మొదలుపెట్టిన టీబీ కోర్సు పూర్తయ్యేసరికి లింఫోమా మెడ నుండి ఛాతీకి, పొట్టకు పాకిపోయిన సందర్భాలు క్యాన్సర్ వైద్యులకు కొత్త కాదు.

మరో పొరపాటు స్టెరాయిడ్ బిళ్ళలు. వేసుకోగానే వాపు తీసేసినట్టు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని లింఫోమా కణాలు కూడా స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా లొంగుతాయి. అప్పుడు ముక్క తీసినా జబ్బు సరిగా కనపడదు. కొన్ని వారాలకు బిళ్ళ మళ్ళీ లేస్తుంది. ఈలోగా విలువైన కాలం పోతుంది.

మూడోది, సూది పరీక్షతోనే సరిపెట్టుకోవడం. సన్నని సూదితో నాలుగు కణాలు తీసి చూడడం మొదటి మెట్టుగా మంచిదే, టీబీ చాలాసార్లు దానితోనే తేలుతుంది. కాని లింఫోమా అనుమానం ఉంటే, వీలైనంతవరకు బిళ్ళను పూర్తిగా తీసి పరీక్షించాలి. ఆ ముక్క మీద ప్రత్యేక రంగుల పరీక్ష చేస్తేనే సీడీ20 ఉందో లేదో తెలుస్తుంది. ఉత్త "లింఫోమా" అని రాసిన రిపోర్టు సగం రాసిన చిరునామా వంటిది. ఊరు తెలిసింది, ఇల్లు తెలియలేదు.

"బిళ్ళ కట్టిన ప్రతివారికీ ముక్క పరీక్ష అంటే పేదవాళ్ళు ఎక్కడి నుండి తెస్తారు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను ప్రతివారికీ అనడం లేదు. జలుబుతోనో పంటినొప్పితోనో వచ్చి, రెండు మూడు వారాల్లో తగ్గే చిన్న బిళ్ళకు ఏ పరీక్షా అక్కరలేదు. కాని తగ్గకుండా ఉన్నది, పెరుగుతున్నది, రబ్బరులా గట్టిగా ఉన్నది, మెడ ఎముక పైభాగాన వచ్చినది, జ్వరమూ బరువు తగ్గడమూ తోడైనది అయితే వాయిదా వేయకూడదు. ఖర్చు లెక్క వేద్దాం అంటే, ఒక్క ముక్క పరీక్ష ఖర్చును తప్పు జబ్బుకు ఆరు నెలలు వాడిన మందులతో, పోయిన కూలితో, ముదిరిన తర్వాత చేయవలసిన చికిత్సతో పోల్చి చూడండి.

ఇప్పటికే టీబీ మందులు వాడుతున్నవారు ఇది చదివి మందులు మానేయకండి. టీబీ అని పరీక్షలో తేలితే కోర్సు పూర్తిగా వాడవలసిందే. టీబీ బిళ్ళ కూడా మందులు మొదలుపెట్టాక కొన్నిసార్లు కొంత పెరిగి తర్వాత తగ్గుతుంది. మీ డాక్టరు గారిని "నాకు టీబీ అని ఏ పరీక్షలో తేలిందండీ?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మేలు చేసే మందుకూ కొన్ని కష్టాలుంటాయి. రిటుక్సిమాబ్ మొదటి మోతాదు ఎక్కించేటప్పుడు చలి, వణుకు, జ్వరం రావచ్చు. అందుకే నెమ్మదిగా, కనిపెట్టుకుని ఎక్కిస్తారు. అంతకంటే ముఖ్యమైనది హెపటైటిస్-బి. ఎప్పుడో వచ్చి కాలేయంలో నిద్రపోతున్న ఆ వైరస్ ఈ మందుతో మేల్కొని ప్రాణం మీదికి తేవచ్చు. 2013లో అమెరికా మందుల సంస్థ దీనిపై గట్టి హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి మొదటి మోతాదుకు ముందే హెపటైటిస్-బి రక్త పరీక్షలు తప్పనిసరి. వైరస్ ఉన్నా రక్షణ మందులు ఇస్తూ చికిత్స చేయవచ్చు. అలాగే చికిత్స సమయంలోనూ, తర్వాత కనీసం ఆరు నెలల వరకూ టీకాలు సరిగా పట్టవు. కోవిడ్ టీకాల కాలంలో ఇది అందరికీ తెలిసివచ్చింది. వీలైతే అవసరమైన టీకాలు ముందే వేయించుకోవాలి.

రిపోర్టులో "సీడీ20 నెగెటివ్" అని వస్తే ఆశ వదులుకోకండి. హాడ్కిన్స్ లింఫోమాలో సాధారణంగా అలాగే వస్తుంది. అయినా అది బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఒకటి. టి కణాల లింఫోమాకు వేరే మందులున్నాయి. జబ్బు తగ్గి మళ్ళీ తిరగబెడితే పాత రిపోర్టుతో సరిపెట్టక, వీలైతే మళ్ళీ ముక్క పరీక్ష చేయించాలి. రిటుక్సిమాబ్ వాడిన తర్వాత కొందరిలో క్యాన్సర్ కణాలు సీడీ20ని పోగొట్టుకుంటాయి. అప్పుడు వేరే గుర్తును వెతకాలి. బి కణాల మీదనే ఉండే సీడీ19ని గుర్తించేలా రోగి సొంత టి కణాలను మార్చి ఎక్కించే చికిత్స మన దేశంలోనే తయారై, 2023 అక్టోబరులో ప్రభుత్వ అనుమతి పొందింది. ఖరీదు ఇంకా ఎక్కువే, కాని దారి ఏర్పడింది.

చివరిగా మూడు విన్నపాలు

రోగులకు: మీ ముక్క పరీక్ష రిపోర్టు మీ ఇంటి దస్తావేజు వంటిది. దాచేయకండి, దాచుకోండి. ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఏ ఆసుపత్రికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళండి. ముక్కను ఉంచిన మైనపు దిమ్మెను కూడా అడిగి తీసుకోవచ్చు. పెద్ద ఆసుపత్రిలో దాని మీదనే మిగతా పరీక్షలు చేస్తారు. "సీడీ20 చూశారా అండీ? హెపటైటిస్-బి చూశారా?" అని రెండు ప్రశ్నలు అడగండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, ఏ మందులు దానిలో వర్తిస్తాయో మొదటి రోజే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

తోటి వైద్యులకు: పరీక్షకు వీలున్న చోట "చూద్దాం" అని టీబీ కోర్సు మొదలుపెట్టవద్దు. వీలు లేకపోతే వీలున్న చోటికి పంపండి. పంపడం చిన్నతనం కాదు.

సంఘ కుటుంబాలకు: జబ్బుపడినవారిని పరామర్శించడానికి పండ్లు తీసుకువెళతాం. మంచిదే. ఈసారి వెళ్ళినప్పుడు "ముక్క పరీక్ష అయిందా? డబ్బుకు ఇబ్బందిగా ఉందా? పట్నం వెళ్ళడానికి తోడు కావాలా?" అని కూడా అడగండి. ఒక్క పరీక్షకు సరిపడే డబ్బు నలుగురు కలిస్తే పెద్ద బరువు కాదు.

మన శరీరంలోని ఒక చిన్న జన్యువు తలుపు మీద నంబరు రాసి పెట్టింది. ఆ నంబరు చదవగలిగే పరీక్ష ఉంది, ఆ తలుపు తట్టగలిగే మందు ఉంది. ఇక మిగిలింది సమయానికి ఆ ముక్క పరీక్ష చేయించడమే. మీ మెడలో గాని, మీవారి మెడలో గాని మూడు వారాలుగా తగ్గని బిళ్ళ ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి రేపు ఉదయమే ఓపీకి రండి.